తాగడానికో బిందె, వంటకో బిందె

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం తమ్ముళ్ళు నా గదికి వచ్చారు. "అన్నా, కవితైనా సరే, కథైనా సరే" అన్నారు. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో గదికొకరున్నారు. నేను చదివేది ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. మా వంశంలో డిగ్రీ పట్టా చేతబట్టిన మొదటివాణ్ణి నేనే. ఆ చదువు ఇంటికి ఏం తెచ్చిపెట్టిందని మా ఊళ్ళో పెద్దమనుషులు అడుగుతుంటారు. ఉద్యోగం ఇంకా రాలేదు. జీతం లేదు. కానీ మా ఇంటి నీళ్ళ లెక్క ఏమిటో నాకు తెలిసింది. ఆ లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళు ఓపికగా చదవాలి. మిగతా జిల్లాల వాళ్ళు కూడా చదవాలి, ఎందుకంటే మీ ఊరి బోరు నీళ్ళలో ఏముందో మీరూ చూసి ఉండరు.

మాది మర్రిగూడ మండలం. ఆ పేరు చెప్పగానే తెలిసినవాళ్ళు "అబ్బో, ఫ్లోరిన్ ఏరియా" అంటారు. మా దగ్గర నలభై దాటిన మనిషి నడుము నిటారుగా ఉంటే అతను ఎక్కడినుంచో వచ్చిన అల్లుడై ఉంటాడని ఒకప్పుడు నవ్వులాటకు అనేవాళ్ళు. మా నాయనకు మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మెడతో కాదు, మనిషే మొత్తంగా తిరగాలి. పైకి చూడడం అసలే కుదరదు.

నేను ఇంటర్‌లో ఈ హాస్టల్‌కు వచ్చినప్పుడు నన్ను దిగబెట్టడానికి నాయన వచ్చాడు. ఇమ్లీబన్‌లో బస్సు దిగి, నడుచుకుంటూ నయాపూల్ దాటి, పత్తర్‌గట్టి మీదుగా వచ్చాం. చార్మినార్ గురించి ఆయన పుట్టినప్పటి నుంచి వింటున్నాడు గానీ చూడడం అదే మొదటిసారి. దగ్గరికి పోయాక పైకి చూడబోతే మెడ రాలేదు. మినార్ల ఎత్తు 56 మీటర్లు. కింద నిలబడితే ఆయన కళ్ళకు రాతి కమాను, దాని కింద పోయే ఆటోలు తప్ప ఏమీ కనబడవు. "జర ఆగు బిడ్డా" అని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, జనాన్ని తప్పించుకుంటూ, గుల్జార్ హౌజ్ దాకా పోయాడు. అంత దూరం పోయాక మెడ ఎత్తకుండానే నాలుగు మినార్లూ కళ్ళకు అందాయి. అక్కడ నిలబడి కడుపునిండా చూశాడు. "మంచిగుంది" అన్నాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. అప్పటికి నేను చదివిన కెమిస్ట్రీ పదో తరగతి వరకే. అయినా మెడకూ బోరు నీళ్ళకూ మధ్య ఏదో లెక్క ఉందని, దాన్ని తెలుసుకోవాలని ఆ రోజే అనిపించింది.

ఇక నా సంగతి. నా ముందు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలున్నాయి. మీరంతా చూసే ఉంటారు. మన హాస్టల్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఒక రంజాన్ నెలలో ఖర్చుల కోసం లాడ్ బజార్‌లో ఒక దుకాణంలో పనికి కుదరబోతే, యజమాని నా నోరు చూసి "గుట్కా తింటావా?" అని అడిగాడు. గుట్కా సంగతి నాకు తెలియదు. ఊళ్ళో నీళ్ళు తాగానంతే. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఇప్పుడున్నాయి.

పంటి పైపూత చిన్నతనంలో, దవడ లోపల ఉండగానే తయారవుతుంది. ఆ సమయంలో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా పోతే పూత సరిగా కట్టదు. పన్ను బయటికి వచ్చేసరికే దాని మీద చార ఉంటుంది. సుమారు ఎనిమిదేళ్ళ వయసు దాటాక కొత్తగా మచ్చ పట్టడం ఉండదు. అందుకే నేను అయిదో తరగతిలో నగరంలోని హాస్టల్‌కు వచ్చినా నా పళ్ళకు మేలు జరగలేదు. అప్పటికే ఆ పని అయిపోయింది. కానీ ఎముకల విషయం వేరు. ఎముక ఎప్పటికప్పుడు అరుగుతూ కడుతూ ఉంటుంది. అందులోకి ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి చేరుతుంది. కీళ్ళు బిగుస్తాయి, కీళ్ళను పట్టి ఉంచే బంధనాలు ఎముకలా గట్టిపడతాయి, వెన్ను వంగుతుంది. పదేళ్ళ వయసులో నన్ను ఊరి నీళ్ళ నుంచి బయటికి తీసుకొచ్చింది హాస్టల్ సీటే. అన్నం పెట్టిందని, చదువు చెప్పిందని మనం హాస్టల్‌ను తలచుకుంటాం. నా మటుకు నా నడుము నిలబెట్టింది కూడా హాస్టలే.

ఈ జబ్బు కథ మనం అనుకున్నదానికంటే పాతది. అమెరికాలోని కొలరాడోలో 1901లో మెక్‌కే అనే దంత వైద్యుడు ఒక ఊళ్ళో చాలామంది పిల్లల పళ్ళకు గోధుమ రంగు మచ్చలుండడం చూశాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడేనని తేలడానికి 30 ఏళ్ళు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. తర్వాత ఆరేళ్ళకే, 1937లో, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మన తెలుగు నేల మీద, అప్పటి నెల్లూరు జిల్లాలో, మనుషుల ఎముకల్లో ఈ జబ్బును గుర్తించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. మనుషుల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వర్ణించింది అక్కడే. 1973లో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతపు యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతా చదివే పత్రికలో మా జిల్లా కాళ్ళ గురించి వచ్చిందన్నమాట.

మా జిల్లాకే ఇది ఎందుకు వచ్చింది? మా కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ. పడిన కొద్ది నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి ఆ ఖనిజాలను కరిగించుకుంటుంది. మా తాతల కాలంలో చెరువు నీళ్ళూ చేదబావి నీళ్ళూ తాగేవాళ్ళు. చెరువులు ఎండి, బావులు అడుగంటి, బోర్లు వచ్చాయి. వంద అడుగులు, రెండు వందలు, ఆపైన ఇంకా లోతుకు పోయాం. లోతుకు పోయినకొద్దీ చాలా చోట్ల రాతితో ఎక్కువకాలం సావాసం చేసిన నీళ్ళే వచ్చాయి. చూడ్డానికి తేటగా ఉంటాయి. వాసన లేదు, రంగు లేదు, రుచి బాగుంటుంది. విషం అంటే చేదుగా ఉంటుందని నమ్మిన మావాళ్ళు తియ్యటి నీళ్ళను ఎట్లా అనుమానిస్తారు?

నీళ్ళ కోసం మా జిల్లా చేసిన పోరాటాన్ని కూడా ఈతరం తమ్ముళ్ళు తెలుసుకోవాలి. దుశ్చర్ల సత్యనారాయణ గారి నాయకత్వంలో జలసాధన సమితి ఏళ్ళ తరబడి తిరిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పడింది. గెలవడం కోసం కాదు, మా గోడు దేశానికి వినబడాలని నామినేషన్లు వేశారు. అదే సంవత్సరం జనరల్ అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మా మండలంలోని శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి గారు తన వంగిపోయిన ఒంటినే సాక్ష్యంగా చూపిస్తూ ఈ సమస్యను ఊరూరా వినిపించారు. 2023 జనవరిలో ఆయన కన్నుమూశారు.

ఈలోగా నగరానికి మాత్రం నీళ్ళు మా జిల్లా మీదుగానే వచ్చాయి. మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట చెరువు 1920లో పూర్తయింది. పాతబస్తీ దాని నీళ్ళు తాగి పెరిగింది. జనం పెరిగాక మంజీరా వచ్చింది. 2004లో కృష్ణా వచ్చింది. అక్కంపల్లి జలాశయం నుంచి తీసుకుని, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నల్లగొండ జిల్లా భూముల మీదుగా పెద్ద పెద్ద పైపుల్లో నగరానికి పంపారు. నగరంలో కుళాయి తిప్పినప్పుడల్లా నాకు ఆ పైపులు గుర్తొస్తాయి. నగరానికి నీళ్ళు ఎందుకు ఇచ్చారని నా ప్రశ్న కాదు. ఆ నీళ్ళు తాగే నేను చదువుకున్నాను. పైపు పక్క ఊళ్ళకు కూడా అప్పుడే అందితే ఎంత బాగుండేదన్నదే నా బాధ.

ఆఖరికి ఊళ్ళకూ నీళ్ళొచ్చాయి. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించారు. నది నీళ్ళను శుద్ధి చేసి ఇంటింటికీ కుళాయి ద్వారా ఇవ్వడం ఆ పథకం ఉద్దేశం. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన దాన్ని రూపొందించారు. 2015 నాటికి తెలంగాణలో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలుండగా 2020 నాటికి ఆ సంఖ్య సున్నాకు చేరిందని కేంద్రం లెక్కలు ప్రకటించాయి. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను నిజంగానే సంతోషపడ్డాను. ఇది చిన్న విజయం కాదు.

కానీ తమ్ముళ్ళారా, సున్నా అన్నది సరఫరా లెక్క. పైపులో ఏం వస్తుందో అది చెబుతుంది. కడుపులోకి ఏం పోతుందో చెప్పదు. ఈ తేడా నాకు పుస్తకంలో దొరకలేదు. మా అక్క వంటింట్లో దొరికింది.

మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. పక్క ఊరికే ఇచ్చారు. రెండేళ్ళ కొడుకున్నాడు. పోయిన సెలవుల్లో పోయినప్పుడు వాకిట్లో కూర్చుని ఉన్నాను. అక్క పప్పు కడుగుతోంది. రెండు బిందెలున్నాయి. ఒకదాని మీద మూత ఉంది. రెండోదాంట్లోంచి నీళ్ళు ముంచి పప్పులో పోసింది.

"అక్కా, అవి ఏ నీళ్ళు?" అన్నాను.

"బోరింగువి. నల్లా నీళ్ళు తాగనీకె దాస్తం గద" అంది.

"మరి పప్పుకు?"

"పప్పు ఉడుకుతది గదరా. ఉడికినంక ఏమైతది?"

అక్క చెప్పింది అక్క ఒక్కదాని మాట కాదు. మా వైపు ఎంతోమంది అనే మాటే. కాచి చల్లార్చిన నీళ్ళు మంచివని బళ్ళో చదివాం. అది సూక్ష్మజీవుల విషయంలో నిజం. ఫ్లోరైడ్ జీవి కాదు, చావదు. ఉప్పులాంటిది. నీళ్ళను మరిగిస్తే ఆవిరి పోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. అన్నం, పప్పు, జావ నీళ్ళను తాగేస్తాయి. నీళ్ళతో పాటు దాన్నీ తాగేస్తాయి.

అంతలో అక్క అత్తమ్మ లోపలి నుంచి అందుకుంది. "బోరింగు నీళ్ళల్ల పప్పు జల్ది మెత్తగైతది. నల్లా నీళ్ళు మందు వాసనొస్తయి" అంది. ఆమె అన్నదాంట్లో నిజముంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో చాలా చోట్ల కాల్షియం తక్కువ, క్షారం ఎక్కువ. వంటసోడా వేసినట్టే పప్పు తొందరగా మెత్తబడుతుంది. అంటే ఏ గుణం వల్ల ఆ నీళ్ళు వంటకు బాగుంటాయో, ఆ గుణం ఉన్నచోటే ఫ్లోరైడూ ఎక్కువ కరుగుతుంది. పెద్దామె అనుభవం తప్పు కాదు, అది చెప్పే సంగతి సగమే. ఆ మిగతా సగం చెప్పాల్సింది చదువుకున్న మనమే.

నేను అక్కకు ఒక లెక్క చెప్పాను. మీకూ చెబుతాను. లెక్క కోసం బోరు నీళ్ళలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. నల్లా నీళ్ళలో అర మిల్లీగ్రాము అనుకుందాం. బావ ఇంట్లో నల్లా నీళ్ళు 2 లీటర్లు తాగుతాడు, 1 మిల్లీగ్రాము. పొలంలో ఎండకు బోరు దగ్గర 3 లీటర్లు తాగుతాడు, 9 మిల్లీగ్రాములు. అన్నం, పప్పు, చారులో కలిపి బోరు నీళ్ళు 1 లీటరు, 3 మిల్లీగ్రాములు. మొత్తం 13. అన్నిరకాలుగా కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఇంట్లో శుభ్రంగా నల్లా నీళ్ళు తాగుతున్న మనిషి కూడా రెండింతలు దాటాడు. అదే ఆరు లీటర్లూ నల్లా నీళ్ళే అయితే 3 మిల్లీగ్రాములు. మనిషి అదే, దాహం అదే, మారింది నీళ్ళు ఒక్కటే.

తాగేనీళ్ళకు మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. కొద్దిపాటి ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చకుండా మేలే చేస్తుంది. అది మరీ మితిమీరితేనే కీడు. ఎండలో పనిచేసి ఎక్కువ నీళ్ళు తాగే మనుషులకు 1.5 కూడా మంచి హద్దు కాదని పై లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

లెక్క విని అక్క ఒప్పుకుంది. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు అంకెలు కాదు, కంటికి కనబడేది కావాలి. తర్వాతి నెల మా లెక్చరర్ గారి అనుమతితో కాలేజీ నుంచి పరీక్ష ద్రావణం తీసుకుపోయాను. వాకిట్లో రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో నల్లా నీళ్ళు, ఒకదాంట్లో బోరింగు నీళ్ళు. రెండింటిలో ఎర్రటి ద్రావణం సమానంగా పోశాను. ఈ పరీక్షలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత వెలిసిపోతుంది. నల్లా నీళ్ళ గ్లాసు ఎర్రగా ఉంది. బోరింగు గ్లాసు చూస్తుండగానే పాలిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా వచ్చి చుట్టూ చేరారు. అత్తమ్మ గ్లాసును పైకెత్తి చూసి, "రంగునే తిన్నది, బొక్కల్ని తినదా" అంది. నేను మూడు సంవత్సరాల డిగ్రీలో నేర్చుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తాగడానికీ వంటకూ రెండు బిందెలూ నల్లా నీళ్ళే. బోరింగు నీళ్ళు స్నానానికీ, బట్టలకూ, గిన్నెలకూ, పశువుల కొట్టం కడగడానికీ. ఒంటి మీద పోసుకుంటే ఫ్లోరైడ్‌తో ఇబ్బంది లేదు, లోపలికి పోతేనే. నీళ్ళు సరిపోతాయా అని అక్క భయపడింది. మనిషికి తాగడానికీ వంటకూ కలిపి రోజుకు సుమారు 5 లీటర్లు చాలు. ఇంట్లో ఆరుగురుంటే 30 లీటర్లు. రెండు బిందెలంతే. మందు వాసన క్లోరిన్‌ది. బిందె మీద పలుచని బట్ట కప్పి రాత్రంతా ఉంచితే పోతుంది. బావ పొలానికి పోయేటప్పుడు ఐదు లీటర్ల క్యాను సైకిల్‌కు కట్టుకుంటున్నాడు. నల్లా రాని రోజు కోసం మూతపెట్టిన డ్రమ్ము ఒకటి నింపి ఉంచుతున్నారు. మోటారు కాలిందనో పైపు పగిలిందనో నాలుగు రోజులు ఆగితే మళ్ళీ బోరింగు వైపు పోకుండా.

ఇదంతా పెద్దవాళ్ళ కోసం కంటే మా అక్క కొడుకు కోసం. వాడి శాశ్వతమైన ముందు పళ్ళు ఇప్పుడు, ఈ రెండేళ్ళ వయసులో, దవడలో పూత కట్టుకుంటున్నాయి. వాడు తినే మెత్తటి బువ్వ, పప్పు నీళ్ళు, జావ అన్నీ నీళ్ళే. ఆ పళ్ళు ఆరేడేళ్ళకు బయటికి వస్తాయి. అప్పుడు వాడు నవ్వితే మేమిప్పుడు ఏ నీళ్ళు పోశామో అందరికీ తెలుస్తుంది.

మీలో కొందరు అడగవచ్చు, నీళ్ళలోంచే ఫ్లోరైడ్ తీసేయవచ్చు గదా అని. తీయవచ్చు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన ఒక పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక తగిన మోతాదులో కలిపి, పది నిమిషాలు నిదానంగా తిప్పి, గంటసేపు కదలకుండా ఉంచితే ఫ్లోరైడ్‌లో చాలా భాగం మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వంచుకోవాలి. ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా, టాంజానియా దాకా ఈ పద్ధతి పోయింది. కానీ మోతాదు నీళ్ళను బట్టి మారుతుంది. తక్కువైతే పని కాదు, ఎక్కువైతే పటికలోని అల్యూమినియం నీళ్ళలో మిగులుతుంది. రోజూ చెయ్యాలి, మడ్డిని దూరంగా పారెయ్యాలి. కూలికి పోయి వచ్చే ఇంట్లో ఇది ఎన్నాళ్ళు సాగుతుంది? క్యాన్ల ప్లాంట్లలో వాడే ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను బాగా తీస్తుంది. అయితే లోపలి పొరను వేళకు మార్చాలి, కొంత నీరు వృథా పోతుంది, డబ్బు పెట్టి కొనాలి కాబట్టి జనం దాన్ని తాగడానికే వాడి వంటకు మళ్ళీ బోరింగు పడతారు. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. శుభ్రమైన పైకప్పు మీద పడిన నీళ్ళను పట్టుకుంటే వంటకు బంగారం. ఇన్ని దారులున్నా, మంచి నీళ్ళు గుమ్మం దాకా వచ్చిన చోట అన్నిటికంటే చవకైన దారి బిందె మార్చడమే.

తిండి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పాలు, పెరుగు, రాగులు, మునగాకు వంటి కాల్షియం ఉన్న ఆహారం తింటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఉసిరి, జామ, నిమ్మ మంచివి. తేయాకులో ఫ్లోరైడ్ ఎక్కువ. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగొద్దని నేను చెబితే మీరు నన్ను హాస్టల్లో ఉండనివ్వరు. ఇక్కడి నీళ్ళతో రోజుకు ఒకటి రెండు తాగితే ఏమీ కాదు. ఊళ్ళో బోరు నీళ్ళతో పొద్దస్తమానం డికాషన్ మరిగించి తాగే పెద్దవాళ్ళకు మాత్రం చెప్పండి. నల్ల ఉప్పులో కూడా ఫ్లోరైడ్ ఎక్కువే.

ఇక చింతపండు కథ వింటే మీకు సరదాగా ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో ప్రకటించిన ఒక అధ్యయనం ఎక్కడ జరిగిందనుకున్నారు? హైదరాబాద్‌లోని ఒక సాంఘిక సంక్షేమ బాలుర వసతి గృహంలో! మనలాంటి 18 మంది పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి చూస్తే, మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన మెస్సు చారును చూసి "ఇందులో చింతపండు ఎక్కడుందిరా" అని నవ్వుకుంటాం. ఆ చారు మీద పరిశోధన అంతర్జాతీయ పత్రికకెక్కింది. ఆ 18 మంది ఇప్పుడు ఎక్కడున్నారో గానీ, వాళ్ళు కూడా మన అన్నలే. అలాగని చింతపండు మందు కాదు. బోరు నీళ్ళు తాగుతూ చింతపండును నమ్ముకుంటే లాభం లేదు. ముందు నీళ్ళు మారాలి, తర్వాత తిండి తోడవ్వాలి.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. మా నాయన మెడ ఇక తిరగదు. బిగిసిన ఎముకను తిరిగి మామూలు చేసే మందు లేదు. నీళ్ళు మారాక ఆయనకు నొప్పులు కొంత తగ్గాయి, అంతే. ఈ జబ్బుకు ముందు జాగ్రత్తే వైద్యం. అందుకే నల్లా వచ్చిందని ఊరుకోకూడదంటున్నాను.

ఇప్పుడు మన పని. దసరా సెలవులకు అందరూ ఊళ్ళకు పోతారు. పోయేటప్పుడు ఒక్కొక్కరు శుభ్రమైన అర లీటరు ప్లాస్టిక్ సీసాలు మూడు తీసుకుపోండి. గాజువి వద్దు. ఒకదాంట్లో ఇంట్లో తాగే నీళ్ళు, ఒకదాంట్లో వంట నీళ్ళు, ఒకదాంట్లో పొలం దగ్గర తాగే నీళ్ళు పట్టండి. అదే నీళ్ళతో సీసాను రెండుసార్లు కడిగి నింపండి. మీద ఊరు పేరు, తేదీ, ఎక్కడి నీళ్ళో రాయండి. నా గదికి తెచ్చివ్వండి. మా ల్యాబులో పరీక్ష చేయించి, ఎవరి సీసా అంకె వాళ్ళకు కాగితం మీద రాసిస్తాను. ప్రభుత్వ గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో కూడా నీటి పరీక్షలు చేస్తారు. పూర్వ విద్యార్థులైన అన్నల్లో ఉపాధ్యాయులున్నారు, పంచాయతీ కార్యదర్శులున్నారు. మీరు పనిచేసే ఊళ్ళలో ఏ బోరు నీళ్ళు తాగరాదో తెలిస్తే దానికి ఎర్ర రంగు వేయించండి. బడిలో, అంగన్‌వాడీలో వంట ఏ నీళ్ళతో వండుతున్నారో ఒకసారి అడగండి. పొలం పనులకు పోయేవాళ్ళ చేతిలో క్యాను ఉందో లేదో చూడండి.

మన ఇళ్ళలో చదవడం వచ్చినవాళ్ళం మనమే. పాస్‌బుక్కు చదివిపెడతాం, కరెంటు బిల్లు చదివిపెడతాం, డాక్టరు చీటీ చదివిపెడతాం. బిందె మీద ఏమీ రాసి ఉండదు. దాన్ని కూడా మనమే చదివిపెట్టాలి. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మ అన్నం పెట్టేముందు ఒక్క మాట అడగండి: "అమ్మా, ఈ పప్పు ఏ నీళ్ళతో ఉడికింది?"